ఉప్పు గని గాలిలో ఏముందో ఎలా కొలవాలి

పోలండ్‌లో క్రాకోవ్‌కి దగ్గర్లో బోహ్న్యా అని ఒక చిన్న ఊరుంది. అక్కడి ఉప్పు గనిలో, నేలకి సుమారు 250 మీటర్ల కింద, వాజిన్ చాంబర్ అనే పెద్ద హాలు ఉంది. ఉప్పు తవ్వి తీసుకుపోగా మిగిలిన ఖాళీ అది. పొడవు 250 మీటర్ల పైమాటే. ఏడాది పొడవునా 14 నుంచి 16 డిగ్రీల చలి. టికెట్ కొనుక్కున్న జనం రాత్రికి అక్కడే మంచాల మీద పడుకుంటారు, పిల్లలు బంతాట ఆడతారు, తెల్లారాక లిఫ్టెక్కి పైకొస్తారు. ఉబ్బసానికీ సైనస్‌కీ ఆ గాలి మంచిదని నమ్మకం. ఆ నమ్మకం నిన్నటిది కాదు. పక్కనే ఉన్న వియెలిచ్కా గనిలో ఫెలిక్స్ బొచ్కోవ్‌స్కీ అనే గని డాక్టరు 1839లోనే ఉప్పునీటి స్నానాలతో వైద్యం మొదలుపెట్టాడు. 1950ల చివర్లో అదే గనిలో వైద్యులు రోగుల్ని కిందికి దించి, అక్కడి గాలి పీల్పించి చికిత్స చేయడం మొదలెట్టారు. రుమేనియాలో తుర్దా గనికీ, 2025 దాకా ప్రైడ్ గనికీ ఇలాగే జనం వెళ్ళడం అలవాటు.

మైక్రోబయాలజీ చదివే పిల్లలు, అందులో క్రాకోవ్ వైపు చదువుకుంటున్న మనవాళ్ళు కూడా, ప్రాజెక్టు కోసం ఈ గాలిలోని క్రిముల్ని కొలుస్తామంటారు. అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సార్, ఉప్పులో సూక్ష్మజీవులు బతకవు కదా, ఇంక కొలవడానికేముంది?" ఆవకాయ జాడీలో నూనె తగ్గినప్పుడు పైన తెల్లగా బూజు కట్టడం మీ ఇంట్లో ఎప్పుడూ చూడలేదా అని నేను తిరిగి అడుగుతాను. గోడకి అంటుకున్న క్రిమిని ఉప్పు ఎండగట్టవచ్చు. మన నోట్లోంచి వెలువడి గాలిలో తేలుతున్న తుంపర మాత్రం ఆ గోడని తాకకుండానే పక్క మంచం మీదవాళ్ళ ముక్కులోకి పోతుంది. కాబట్టి మీరు కొలవబోయేది చాలావరకు మనుషుల్నీ, వాళ్ళ వెనక వీచే గాలినీ. ఇది మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ ఎందుకో మీకే తెలిసిపోతాయి.

చికిత్సగా ఇది పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న, మీరు క్రిముల్ని పెంచే ప్లేట్లు దానికి జవాబు చెప్పవు. ఉబ్బసానికి గుహల్లో, గనుల్లో చేసే వైద్యం మీద 2001లో కాక్రేన్ (వైద్య ట్రయల్స్ అన్నిటినీ కలిపి తూచి చూసే సంస్థ) సమీక్ష వచ్చింది. వాళ్ళకి దొరికిన ట్రయల్స్ మూడు, అన్నింట్లో కలిపి 124 మంది పిల్లలు. వాటిలోనూ పద్ధతి సరిగ్గా ఉన్నది ఒక్కటే. దాన్నిబట్టి గట్టిగా ఏమీ చెప్పలేమన్నారు. మీ రిపోర్టులో "గాలి శుభ్రంగా ఉంది కాబట్టి జబ్బు తగ్గుతుంది" అన్న వాక్యం రాయకండి. నేనైతే అక్కడే ఎర్ర గీత పెడతాను.

1. దిగే ముందు: అనుమతి, సామాను

గని అంటే పార్కు కాదు. చికిత్స విభాగానికి ఒక ఉత్తరం, గని యాజమాన్యానికి ఇంకో ఉత్తరం రాయాలి. రోగులున్న చోట కొలుస్తున్నారు కాబట్టి మీ కాలేజీ ఎథిక్స్ కమిటీకీ చెప్పాలి. ఏ గంటలో ఏ చాంబర్‌లో ఉంటారో, వెంట ఎవరొస్తారో ముందే రాయించుకోండి. ఆ గని ఇప్పుడు తెరిచే ఉందో లేదో కూడా కనుక్కోండి. 2025 మేలో ప్రైడ్ గనిలోకి పక్కనే పారే కొరుంద్ వాగు నీళ్ళు చొరబడి, అంతా మునిగిపోయింది. ఉప్పు గనికి నీటిని మించిన శత్రువు లేదు.

స్పిరిట్ దీపం తీసుకెళ్ళొద్దు. ల్యాబ్‌లో ప్లేటు తెరిచేటప్పుడు పక్కన మంట వెలిగించుకోవడం మనకి చేతి అలవాటు. గనిలో మీథేన్ ఉండొచ్చు, అది మండే వాయువు. పూర్వం వియెలిచ్కాలో పైకప్పు కింద పోగైన మీథేన్‌ని కాల్చెయ్యడానికి, తడి బట్టలు కప్పుకుని పొడవాటి కర్రకి కాగడా కట్టుకుని నేల మీద పాకుతూ వెళ్ళేవాళ్ళు. వాళ్ళ బొమ్మలు ఇప్పటికీ అక్కడ సందర్శకులకి చూపిస్తారు. మీకు ఆ పని వద్దు. 70 శాతం ఆల్కహాల్‌తో తడిపిన తుడుపు గుడ్డలు, గ్లోవ్స్, మాస్క్ చాలు.

సామాను జాబితా చిన్నదే: ప్లేట్లు, గాలి పీల్చే శాంప్లర్ దొరికితే అది, కార్బన్ డయాక్సైడ్ మీటరు, ఉష్ణోగ్రత–తేమ మీటరు, పీఎం 2.5 (గాలిలోని సన్నటి కణాలు) మీటరు, చెరగని మార్కర్, ఐస్ బాక్స్, గడియారం. ఒక నోటుబుక్కు. ఫోన్లో రాసుకుంటానంటే మీ ఇష్టం, గ్లోవ్స్ వేసుకున్న చేత్తో టైప్ చేసి చూడండి తెలుస్తుంది.

2. ప్లేట్లు పోసుకోవడం

మూడు రకాల అగార్ (క్రిములు పెరగడానికి ప్లేటులో పోసే జెల్లీ లాంటి ఆహారం) కావాలి. బ్యాక్టీరియాకి ట్రిప్టిక్ సోయ్ అగార్. బూజులకి క్లోరాంఫెనికాల్ కలిపిన సబరో డెక్స్‌ట్రోజ్ అగార్. ఆ మందు వల్ల బ్యాక్టీరియా పెరగక, బూజు ఒక్కటే కనిపిస్తుంది. మూడోది ఎక్కువమంది వదిలేస్తారు, అసలు సరదా అందులోనే ఉంది. 20 నుంచి 25 శాతం ఉప్పు వేసిన అగార్. ఉప్పులోనే పుట్టి, ఉప్పు లేకపోతే చచ్చిపోయే ఆర్కియా (బ్యాక్టీరియాలా కనిపించే వేరే ఏకకణ జీవులు) జాతులుంటాయి, అవి ఈ ప్లేటు మీద తప్ప మామూలు ప్లేటు మీద రావు.

పోసిన ప్లేట్లని ఒక రాత్రి ఇంక్యుబేటర్‌లో ఉత్తినే ఉంచి, ఏదైనా మొలిచినవి పారేయండి. ఆ తర్వాతే సంచిలో పెట్టండి.

పేర్లు ప్లేటు అడుగున రాయండి, మూత మీద కాదు. నేనిది కష్టపడి నేర్చుకున్నాను. మొదటిసారి నగరంలో ఒక సాల్ట్ రూమ్‌లో (గోడలకి ఉప్పు మెత్తి, గాలిలోకి ఉప్పు పొడి చల్లే గది) కొలిచినప్పుడు ముప్పై ఆరు ప్లేట్లకీ మూతల మీదే చక్కగా రాసుకున్నాను. పెట్టేటప్పుడు మూతలన్నీ తీసి ఒక బల్ల మీద వరసగా పెట్టాను. గంట తర్వాత వచ్చి చూస్తే ఎవరో పుణ్యాత్ములు బల్ల ఖాళీ కావాలని మూతలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టారు. ఏ మూత ఏ ప్లేటుదో దేవుడికే తెలియాలి. రోజంతా పోయింది.

ప్రతి చోటికీ ప్రతి రకం ప్లేట్లు మూడేసి ఉండాలి. వాటితోపాటు అసలు మూత తియ్యని ప్లేట్లు రెండు, ఒక్క క్షణం తీసి వెంటనే మూసేసినవి రెండు. వీటి మీద ఏమైనా మొలిస్తే తప్పు గాలిది కాదు, మీ చేతులది.

3. ఎక్కడ పెట్టాలి

కనీసం నాలుగు చోట్లు. పైన, నేల మీద, గనిలోకి గాలి దిగే బావి దగ్గర ఒకటి. కింద లిఫ్టు ఆగే చోట ఒకటి. రోగులుండే చాంబర్ మధ్యలో ఒకటి. గాలి ఆ చాంబర్ వదిలి బయటికి పోయే వైపు ఒకటి. జనం ఎప్పుడూ అడుగుపెట్టని పక్క సొరంగం ఒకటి దొరికితే అదృష్టమే, దాన్ని మించిన పోలిక ఉండదు.

గాలి ఎటునుంచి ఎటు పోతోందో తెలియకుండా ప్లేటు పెట్టకండి. చిటికెన వేలంత వెడల్పు టిష్యూ కాగితపు ముక్కని దారంతో కర్రకి వేలాడదీసి, అది ఎటు వంగుతోందో చూడండి. అగరుబత్తి పొగతో చూద్దామనిపిస్తుంది. గనిలో నిప్పు కుదరదని పైనే చెప్పాను. మామూలు సాల్ట్ రూమ్‌లో అయితే అన్ని కొలతలూ ముగిశాక చివర్లో వెలిగించుకోవచ్చు, ముందు వెలిగిస్తే మీ పీఎం మీటరు ఆ పూటకి పనికిరాదు.

ఎత్తు సంగతి. కూర్చున్నవాళ్ళ ముక్కు నేల నుంచి మీటరు పైచిలుకు ఎత్తులో ఉంటుంది. బోహ్న్యాలో లాగా పడుకునే చోట మంచం ఎత్తు ఎంతో, ముక్కు ఎత్తు అంతే. నేల మీద పెట్టిన ప్లేటులో కాళ్ళు లేపిన దుమ్మంతా పడుతుంది. పిల్లలు ఉప్పు పలుకుల్లో ఇసుకలో ఆడినట్టు ఆడే గది అయితే నేల మీద కూడా ఒకటి పెట్టండి, వాళ్ళ ముక్కులుండేది అక్కడే.

4. ఎప్పుడు తెరవాలి

ఈ పనంతటిలో ముఖ్యమైన అడుగు ఇదే. ఎక్కువ ప్రాజెక్టులు చెడేది కూడా ఇక్కడే. గనివాళ్ళు మీకు జనం లేని టైమ్ ఇస్తారు, అది వాళ్ళకీ సౌకర్యం, మీకూ సౌకర్యం. అప్పుడు కొలిస్తే అంకెలు ముచ్చటగా వస్తాయి. కానీ ఆ గాలిని ఎవరూ పీల్చడం లేదు.

అందుకని ఒకే రోజు, ఒకే చోట ఐదుసార్లు కొలవండి. ఎవరూ దిగకముందు. జనం వచ్చి అరగంట అయ్యాక. వాళ్ళు వ్యాయామాలు చేస్తున్నప్పుడు (ఇలాంటి చోట్ల శ్వాస వ్యాయామాలు, నడకలు చికిత్సలో భాగం, అప్పుడు ఊపిరి ఎక్కువ, దగ్గు ఎక్కువ, దుమ్మూ ఎక్కువ). వాళ్ళు వెళ్ళబోయే ముందు. వెళ్ళిపోయిన గంటకి. ప్రతిసారీ తలలు లెక్కపెట్టి రాయండి, పెద్దలెంతమంది, పిల్లలెంతమంది. ఎవరైనా ఆపకుండా దగ్గితే అది కూడా టైముతో రాయండి, పేరొద్దు.

చివరి కొలతని బద్ధకించి వదిలేస్తారు. జనం వెళ్ళాక గంటలో లెక్క ఎంత పడిపోయిందన్న దాన్నిబట్టే ఆ చాంబర్‌లో గాలి ఎంత మారుతోందో తెలుస్తుంది. ఫ్యాన్లు బాగా తిరుగుతుంటే త్వరగా పడిపోతుంది. పడకపోతే తర్వాతి బ్యాచ్ వాళ్ళు ముందు బ్యాచ్ గాలే పీలుస్తున్నారని అర్థం.

మీరు కూడా ఒక తలేనని మర్చిపోకండి. మాస్క్ పెట్టుకోండి, శాంప్లర్‌కి గాలి వచ్చే వైపు నిలబడొద్దు, దాని మీద వంగి మాట్లాడొద్దు.

5. గాలిని ప్లేటు మీదికి తేవడం

రెండు దారులున్నాయి. శాంప్లర్ ఉంటే ఆండర్సన్ రకం వాడతారు. అది నిమిషానికి 28.3 లీటర్ల గాలిని 400 సన్న రంధ్రాల గుండా లాగి అగార్ మీద కొడుతుంది. 5 నిమిషాలు నడిపితే 141.5 లీటర్లు. ప్లేటు మీద 20 కాలనీలు (క్రిములు పెరిగి కంటికి కనిపించే చుక్కలు) వచ్చాయనుకోండి, 20ని 1000తో గుణించి 141.5తో భాగిస్తే ఘనమీటరు గాలికి సుమారు 141. ఈ అంకె యూనిట్‌ని సీఎఫ్‌యూ అంటారు, అంటే కాలనీ కట్టగలిగినవి. కాలనీలు మరీ ఎక్కువైతే ఒకే రంధ్రం కింద రెండు మూడు క్రిములు పడి ఒకటిగా కనిపిస్తాయి. దానికి యంత్రంతో వచ్చే పాజిటివ్ హోల్ పట్టిక చూసి సవరించాలి. జనం నిండిన గదిలో 5 నిమిషాలకి బదులు 2 నిమిషాలు నడపడం ఇంకా మేలు.

శాంప్లర్ లేకపోతే ప్లేటు మూత తీసి అరగంట ఉంచడమే. దీనికి పోలండ్‌లో ఎన్నాళ్ళుగానో వాడుతున్న లెక్క ఉంది: కాలనీల సంఖ్యని 50,000తో గుణించి, ప్లేటు వైశాల్యాన్ని నిమిషాలతో గుణించగా వచ్చినదాంతో భాగించాలి. 90 మిల్లీమీటర్ల ప్లేటు వైశాల్యం 63.6 చదరపు సెంటీమీటర్లు. 30 నిమిషాలకి భాగించాల్సిన అంకె 1908. అంటే ఒక్కో కాలనీకి సుమారు 26. పన్నెండు కాలనీలొస్తే ఘనమీటరుకి 314.

ఈ రెండో దారిని నమ్మాల్సినంతే నమ్మండి. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణం సెకనుకి 3 మిల్లీమీటర్లు దిగుతుంది, రెండు మీటర్ల ఎత్తు నుంచి పది పన్నెండు నిమిషాల్లో ప్లేటు చేరుతుంది. 1 మైక్రాన్ కణానికి అదే దూరం దిగడానికి పదహారు గంటలు పడుతుంది, అదీ గాలి కదలకపోతే. అంటే మూత తీసి పెట్టిన ప్లేటు బరువైనవాటినే పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల లోపలి దాకా పోయే సన్నటివి దాని పక్కనుంచే తేలిపోతాయి. పైన, కింద పోల్చడానికి చాలు. "ఇంత ఉంది" అని ఢంకా కొట్టి చెప్పడానికి చాలదు.

"గాలిలోని ఉప్పు ప్లేటు మీద పడి క్రిముల్ని చంపేసి ఉంటే?" ఇది మంచి ప్రశ్న, ఒకసారి వైవాలో నన్నే ఇరికించారు. లెక్క చూద్దాం. ఉప్పు పొడి చల్లే యంత్రం నడుస్తున్న గదిలో ఘనమీటరు గాలికి 10 మిల్లీగ్రాముల ఉప్పు ఉందనుకుందాం. 141.5 లీటర్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు కూడా ఉండదు. ప్లేటులో పోసిన 20 మిల్లీలీటర్ల ట్రిప్టిక్ సోయ్ అగార్‌లో ముందే 100 మిల్లీగ్రాముల ఉప్పుంది, తయారీలోనే వేస్తారు. కుండెడు పులుసులో ఇంకో పలుకు పడ్డట్టు.

6. క్రిములతోపాటు రాయాల్సిన అంకెలు

కార్బన్ డయాక్సైడ్ మీటరు చిన్నదే అయినా చాలా చెబుతుంది. ఆరుబయట గాలిలో ఇప్పుడు సుమారు 420 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఇన్ని పాళ్ళు) పైన ఉంటుంది. మనం వదిలే ఊపిరిలో సుమారు 38,000. చాంబర్‌లో 1000 చూపిస్తే, పెరిగిన 580ని 38,000తో భాగించండి: ఒకటిన్నర శాతం. అంటే మీరు పీల్చే ప్రతి అరవై అయిదు ఊపిర్లలో ఒకటి అప్పటికే వేరేవాళ్ళ ఊపిరితిత్తుల్లోంచి వచ్చింది. 2000 చూపిస్తే ఇరవై నాలుగింటికి ఒకటి. రోగులకి ఈ ముక్క చెబితే సీఎఫ్‌యూల పట్టిక కన్నా బాగా ఎక్కుతుంది. గనిలో రాతిలోంచి కూడా కొంత గ్యాస్ రావచ్చు, అందుకే జనం లేనప్పటి అంకె తప్పనిసరిగా రాసుకుని దాన్నే మొదలుగా పెట్టుకోండి.

పీఎం 2.5 మీటరుతో జాగ్రత్త. లేజర్ మీటరుకి ఉప్పు కణం, దుమ్ము కణం, పొగ కణం అన్నీ ఒకటే. పైగా తేమ 75 శాతం దాటితే ఉప్పు కణం నీళ్ళు పీల్చుకుని బొట్టుగా మారి ఉబ్బుతుంది, మీటరు అమాంతం పైకి పోతుంది. వానాకాలం మన ఇంట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది కూడా ఆ గీత దాటాకే. అంచేత తేమ రాయని పీఎం అంకెకి విలువ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక రోజు సగటుకి ఘనమీటరుకి 15 మైక్రోగ్రాములని చెప్పింది, మన దేశపు ప్రమాణం 60. ఉప్పు చల్లే యంత్రం నడిచే గదిని వీటితో పోల్చి భయపెట్టకండి, ఆ హద్దులు పొగ, దుమ్ము కలిసిన ఊరి గాలికి పెట్టినవి.

రాతిలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు రాడాన్ గురించి అడుగుతారు. ఉప్పులో యురేనియం తక్కువ కాబట్టి ఉప్పు గనుల్లో సాధారణంగా తక్కువే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు ఘనమీటరుకి 100 బెకరెల్స్. అది నెలల తరబడి పెట్టే డిటెక్టర్‌తో చూసే పని. గనివాళ్ళ దగ్గర రికార్డు ఉంటుంది, అడగండి చాలు.

7. పైకి తెచ్చి పెంచడం

15 డిగ్రీల చలిలోంచి వేసవి ఎండలోకి ఒక్కసారిగా తెస్తే మూత లోపల నీటి బొట్లు కడతాయి. ఆ నీరు అగార్ మీద జారితే ఒక కాలనీ పదై, లెక్క గల్లంతవుతుంది. ప్లేట్లు బోర్లించి, సంచిలో చుట్టి, ఐస్ బాక్సులో పెట్టి తెండి. ఐస్ ప్యాక్ ప్లేటుకి తగలకుండా మధ్యలో అట్ట ముక్క పెట్టండి.

బ్యాక్టీరియా ప్లేట్లు 30 నుంచి 35 డిగ్రీల్లో 48 గంటలు. బూజువి 25 డిగ్రీల్లో ఐదు నుంచి ఏడు రోజులు, రోజూ ఒకసారి చూస్తూ. లేకపోతే వేగంగా పెరిగే ఒక బూజు ప్లేటంతా కమ్మేసి మిగతావాటిని మింగేస్తుంది. ఉప్పు ప్లేట్లకి మాత్రం ఓపిక కావాలి. 37 డిగ్రీల్లో, ఎండిపోకుండా పాలిథిన్ సంచిలో కట్టి, రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

8. మొలిచినవాటిని చదవడం

రెండో రోజు తెరిచేసరికి మీకు ఎక్కువగా కనిపించేవి ఆవగింజంత తెల్లటివీ, నిమ్మపండు రంగువీ గుండ్రటి కాలనీలు. గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాని గుర్తుపట్టడానికి వేసే రంగు) వేస్తే ఊదారంగులో గుండ్రటి కణాలు, గుత్తులుగానో నాలుగేసిగానో. స్టెఫైలోకాకస్, మైక్రోకాకస్ జాతులు. రెండూ మన చర్మం మీద కాపురముండేవే. ఉప్పంటే వీటికి భయం లేదు. స్టెఫైలోకాకస్‌ని మిగతావాటి నుంచి వేరుచేయడానికి ల్యాబ్‌లో వాడే మ్యానిటాల్ సాల్ట్ అగార్‌లో 7.5 శాతం ఉప్పు వేస్తాం, తక్కినవి చచ్చినా ఇది పెరుగుతుందని. ఉప్పు గది గాలి క్రిమిరహితమని బోర్డు కనిపించినప్పుడల్లా నాకు ఈ ప్లేటే గుర్తొస్తుంది. దాని మీద కూడా ఒకసారి పెంచి చూడండి. చుట్టూ పసుపు రంగు తిరిగితే జబ్బు చేసే స్టెఫైలోకాకస్ ఆరియస్ అయ్యుండొచ్చు, నిర్ధారణకి కోయాగ్యులేజ్ పరీక్ష చేయాలి.

గ్రామ్ నెగెటివ్ కడ్డీలు, అంటే స్టెయిన్‌లో గులాబీ రంగులో కనిపించేవి, ఎక్కువగా వస్తే నీటి కోసం వెతకండి. ఉప్పునీటి ఫౌంటెన్, తడి చాప, తుడిచే బట్ట, దగ్గర్లో టాయిలెట్. ఎక్కడో తడి ఉంది.

బూజుల్లో ఆస్పర్జిల్లస్, పెనిసిలియం, క్లాడోస్పోరియం తరచుగా తగులుతాయి. లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే పెనిసిలియం చీపురు కట్టలా, ఆస్పర్జిల్లస్ తల విరబోసుకున్నట్టు ఉంటాయి. క్లాడోస్పోరియం ఎక్కువగా బయటి నుంచి గాలితో దిగినదే. పోలండ్‌లో వేసవి చివర్లో అది పైన చాలా ఎక్కువ, మంచు కురిసే నెలల్లో దాదాపు ఉండదు. కింద ఉన్న రకాలే పైన కూడా ఉంటే గాలి తెచ్చింది. పైన లేనిది కింద ఎక్కువగా ఉంటే అది కిందే ఎక్కడో, బహుశా చెక్క మీద, పెరుగుతోంది. పాత గనుల్లో చెక్కకి కొదవ లేదు.

ఇక ఉప్పు ప్లేట్లు. మూడో వారంలో ఎర్రగానో గులాబీ రంగులోనో చిన్న చుక్కలు కనిపిస్తే మీ పంట పండినట్టే. ఇవి ఉప్పుని ఇష్టపడే ఆర్కియా. ఆ రంగు మనకి కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా నౌపడాలోనో చినగంజాం వైపో ఎండలు ముదిరాక ఉప్పు మళ్ళలో నీళ్ళు చిక్కబడి గులాబీ రంగు తిరగడం చూసినవాళ్ళకి తెలుసు, ఆ రంగులో వీటి వాటా ఉంది. ఇవి మనుషులకి జబ్బు చేసేవి కావు, కంగారు పడనక్కర్లేదు. స్టెయిన్ వేసేటప్పుడు మామూలు నీళ్ళలో కలిపారంటే కణాలు పగిలిపోయి స్లైడ్ మీద ఏమీ మిగలదు. ఆరబెట్టిన స్మియర్‌ని ముందు 2 శాతం ఎసిటిక్ ఆమ్లంలో ఐదు నిమిషాలు ఉంచి, ఆ తర్వాత స్టెయిన్ చేయండి.

ప్లేటు మీద రానివి బోలెడు ఉంటాయన్నది కూడా రాయండి. వైరస్‌లు అసలే రావు. చలికాలంలో అక్కడ పడుకునేవాళ్ళకి అసలు భయం వాటితోనే.

9. ఎంతైతే ఎక్కువ

ప్రపంచమంతా ఒప్పుకున్న ఒకే ఒక్క హద్దు లేదు. పోలండ్ నిపుణులు ఇళ్ళకీ, జనం వచ్చిపోయే భవనాలకీ ఘనమీటరుకి బ్యాక్టీరియా 5000, బూజులు 5000 సీఎఫ్‌యూ దాటకూడదని సూచించారు. సూచనే, చట్టం కాదు. నా మటుకు మూడు పోలికలే ముఖ్యం: కిందికీ పైకీ, జనం ఉన్నప్పటికీ లేనప్పటికీ, జనం ఉన్నప్పటికీ వెళ్ళిన గంటకీ. సగటు ఒక్కటే రాసి వదిలేయకండి, చిన్న అంకెల్లో ఒక్క దగ్గు సగటుని ఎత్తేస్తుంది. మధ్యస్థం, కనిష్ఠం, గరిష్ఠం మూడూ ఇవ్వండి.

అంకెలు ఎక్కువొస్తే ఆ చోటువాళ్ళకి ఏం చెప్పాలి? ఒక్కో బ్యాచ్‌లో తలలు తగ్గించమని. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య మీ గంట కొలత చెప్పినంత విరామం ఇమ్మని. జ్వరం, జలుబు ఉన్నవాళ్ళని ఆ రోజుకి ఆపమని. తివాచీలు తీసేయమని. మన నగరాల్లో మామూలు భవనాల్లో నడిచే సాల్ట్ రూములకైతే ఇంకోటి ఉంది. చాలా వాటిలో కిటికీ ఉండదు, స్ప్లిట్ ఏసీ ఉంటుంది. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది, కొత్త గాలి తేదు. బోహ్న్యాలో వేల ఘనమీటర్ల ఖాళీ, గని ఫ్యాన్లు ఉన్నాయి. పది అడుగుల గదికి గోడలంతా ఉప్పు మెత్తినా ఆ ఖాళీ రాదు. అక్కడ మీటరు మీదే కన్నేసి, 1000 దాటితే తలుపు తీయమనండి.

ఉబ్బసం ఉన్నవాళ్ళు మీ ఫలితాలు చూసి వెళ్ళొచ్చా అని అడిగితే డాక్టర్‌ని అడగమనండి, ఇన్‌హేలర్ ఆపొద్దనీ, జేబులోనే ఉంచుకోమనీ చెప్పండి. ఉబ్బసం ఉందో లేదో తేల్చడానికి 4.5 శాతం ఉప్పునీటి ఆవిరి పీల్పించి ఊపిరితిత్తులు బిగుసుకుంటాయేమో చూసే పరీక్ష ఒకటుంది. ఉప్పు అందరికీ హాయినివ్వదు.

10. ప్లేట్లు పారేయడం

లెక్క అయిపోగానే ప్లేట్లు డస్ట్‌బిన్‌లో వేయకండి, మీరు వాటి మీద లక్షల్లో పెంచారు. ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే యంత్రం) సంచిలో వేసి, మూతి వదులుగా కట్టి, 121 డిగ్రీల్లో కనీసం 20 నిమిషాలు ఉంచండి. సంచి నిండుగా ఉంటే ఇంకాస్త సేపు. ఎర్ర చుక్కలు వచ్చిన ఉప్పు ప్లేటు మాత్రం ఒకటి పారేయకుండా టేపు చుట్టి ఫ్రిజ్‌లో దాచండి. వచ్చే ఏడాది జూనియర్లు అదే ప్రశ్నతో వస్తారు.